ఇల్లు కూలితే దేవునిపై నెపమా?

తుఫానులో గోడ కూలి మనిషి మరణిస్తే మనం తరచు ఒక మాట అంటాము: "అంతా దైవ నిర్ణయం, మన చేతుల్లో ఏముంది?" ఈ మాట భక్తిలో నుండి పుట్టినదా, లేక బాధ్యతను తప్పించుకొనుటకు పుట్టినదా?

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. పూరిళ్లు, మట్టిగోడలు నిలువలేదు. ఎక్కి ప్రాణం కాపాడుకొనుటకు ఎత్తైన పక్కా కట్టడాలు ఆ పల్లెల్లో అరుదు. ఆ తరువాత మన తీరం వెంట తుఫాను షెల్టర్లు ఎన్నో వెలిశాయి. పొరుగున ఒడిషాలో 1999 అక్టోబరు పెను తుఫానుకు సుమారు 10,000 మంది మరణించారు. 2013లో ఫైలిన్ తుఫాను ఆ రాష్ట్రాన్ని తాకినప్పుడు లక్షలాదిమందిని ముందుగానే షెల్టర్లకు, పక్కా భవనాలకు తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. దేవుని దయ రెండుసార్లూ ఒక్కటే. మారినది మనిషి ముందుచూపు.

గట్టి ఇంటికి కావలసినది డబ్బు ఒక్కటే కాదు. ఉత్తర కోస్తాలో మన పెద్దలు కట్టుకున్న చుట్టిళ్లను చూడండి. గుండ్రని గోడను తాకిన గాలి పక్కలకు జారిపోతుంది. నేడు ఇంజనీర్లు చెప్పే మాటలూ సామాన్యమైనవే. గాలి కప్పును పైకి లేపుతుంది గనుక దానిని గోడలకు గట్టిగా బిగించాలి. ఇంటి నేల వరద మట్టానికి పైన ఉండాలి. సముద్రపు ఇసుక కాంక్రీటులో కలిపితే ఉప్పుకు లోపలి ఇనుప ఊచలు తుప్పు పడతాయి.

పైగా కాలం మారుతోంది. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫానులు బలం పుంజుకుంటాయి. నీటిమట్టం పెరిగేకొద్దీ ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. తాత కట్టిన కొలతలు మనుమనికి చాలవు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇల్లు కట్టువానికి ఒక నియమం ఉంది. క్రొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టాలి. కట్టనందువలన ఎవరైనా పడి మరణిస్తే ఆ దోషం ఆ ఇంటిదే. పడినవాడు చూసుకోలేదని యజమాని తప్పించుకోలేడు. తెలిసీ చేయకపోవడం కూడా దోషమే.

"పేదవాడు ఏమి చేయగలడు?" అని అడుగుతారేమో. నిజమే. కాలువ గట్టున గుడిసె వేసుకున్నవాడు ఇష్టపడి వేసుకోలేదు, వేరే చోటు లేక వేసుకున్నాడు. అందుకే స్థలమూ స్తోమతూ ఉన్నవారి మీద భారం ఎక్కువ. సిమెంటు తగ్గించే కాంట్రాక్టరు, అద్దె పుచ్చుకుని పగుళ్లు పట్టించుకోని యజమాని, వాననీటి కాలువను పూడ్చి గది కట్టుకునే ఇరుగుపొరుగు, వీరందరూ ఆ పిట్టగోడ ముందు జవాబు చెప్పవలసినవారే.

కనుక వచ్చే తుఫానుకు ముందే మీ ఇంటి కప్పును, మీ గుడి కప్పును, బడి కప్పును ఒకసారి చూడండి. మీ ఇల్లు గట్టిదైతే సంతోషం. అయితే ఆ రాత్రి పక్క గుడిసెలోని పిల్లలకు మీ తలుపు తెరిచి ఉంటుందా?