మోకు బిగిసే ముందు

బిడ్డా,

ఆదిలాబాద్ దిక్కు పత్తిచేన్లకు ట్రాక్టర్ తోలుకపోతున్నవని మీ అమ్మ చెప్పింది. వానకాలం నల్లరేగడిల బండి దిగబడుడు మామూలే. తీసేటప్పుడే పానం మీదికొస్తది.

ముందు ట్రాలీ విప్పు, టైర్ల ముందటి బురద పారతోని తీయి. ఎనక టైర్లకు దుంగ కట్టి గేరేసుడు మాత్రం నా మీద ఒట్టు, చెయ్యకు. చక్రం తిరగక, ముందటి భాగం లేచి బండి నీ మీదనే తిరగబడతది.

గిరక, మోకు ఉన్నయి గద అనుకుంటవు. గిరకను పట్టుకున్న నేల సంగతి చూసినవా? మన కరీంనగర్ పల్లెల్ల మోట కొట్టిన కాలంల బావి మీద కంబాలు లోతుగ పాతేటోళ్లు. మోటెడు నీళ్ల బరువు ఒక దిక్కు, ఎడ్లు గుంజుడు ఇంకో దిక్కు, రెండూ గిరక మీదనే పడేవి. నువ్వు చెట్టుకు గిరక కట్టి మోకును ఎనక్కి మళ్లిస్తే, గుంజేదానికి రెండింతలు చెట్టు మీద పడతది. అదే గిరకను దిగబడ్డ బండికి కట్టు. మోకు ఒక కొస చెట్టు మొదట్ల కట్టి, రెండో కొసను గట్టినేల మీది ట్రాక్టర్‌తోని, కింది హుక్కుకే తగిలించి గుంజు. బండికి రెండింతల బలం, చెట్టుకు ఒకంతే. 2 గజాలు కదలాలంటే 4 గజాలు గుంజాలె, గంతే.

చెట్టు లేకపోతే? ఎర్ర చెల్కలయితే గడ్డపారలు ఒకదాని ఎనక ఒకటి, తలలు బండికి దూరంగ వాల్చి కొట్టు. ముందటిదాని తలను ఎనకదాని మొదలుకు బిగించు. మోకు ముందటిదాని మొదట్ల కట్టు. తడిసిన రేగడిల అవి నిలువయి, అక్కడ దుంగ పూడ్చాలె. గుంజే దిక్కుకు అడ్డంగ 3 అడుగుల లోతు గుంట తవ్వి, దుంగ నడుమ మోకు కట్టు. బండి దిక్కు గుంట గోడ కదలని మన్నే ఉండాలె, బలమంత దాని మీదనే. మోకు బయటికొచ్చేతందుకు ఏటవాలుగ సన్నటి కాల్వ తీయి, లేకుంటే దుంగ పైకి లేస్తది. దుంగ కోసం కవ్వాల్ అడివిల టేకు మీద గొడ్డలి వెయ్యకు, ఇంట్ల పాత దూలం ఉన్నది.

మోకు బిగిసినంక దాన్ని ఎవ్వలనూ దాటనియ్యకు. గిరక కాడ మోకు మళ్లిన సందుల అసలే నిలబడొద్దు, కట్టు ఊడితే గిరక అటే ఎగిరొస్తది. మోకు నడుమ తడి గోనెసంచులు వెయ్యి, తెగినా జోరు తగ్గుతది. పిల్లలు చూడనీకి ఉరికొస్తరు, వాళ్లను దూరం పంపినంకనే గుంజుమను.

జరంత గుంజి ఆపు. దుంగ ముందట మన్ను పగిలితే ఇంకా లోతుకు తవ్వు. పొద్దుగూకితే బండిని ఆడనే ఇడిసి ఇంటికి రా. తెల్లారి నేనూ వస్త, ఇద్దరం కలిసి తీద్దం.