మూడో తరగతి న్యాయం

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంగ్లండ్‌లోని చర్చి బడుల్లో కోతల పండగ జరుగుతుంది. హార్వెస్ట్ ఫెస్టివల్ అంటారు. వెనకటి రోజుల్లో పొలం నుంచి వచ్చిన గుమ్మడికాయలూ ఆపిల్ పళ్ళూ రొట్టెలూ వేదిక ముందు పేర్చేవారు. ఇప్పుడు పిల్లలు ఎక్కువగా తెచ్చేవి బీన్స్ డబ్బాలు, సూపు డబ్బాలు, పాస్తా పొట్లాలు. ప్రార్థన అయ్యాక అవన్నీ దగ్గర్లోని ఫుడ్‌బ్యాంక్‌కి వెళతాయి. ఆరేళ్ళ పిల్ల రెండు చేతులతో డబ్బా పట్టుకుని నడిచివెళ్ళి అక్కడ పెట్టి వస్తుంది. ఇందులో ఎగతాళి చేయవలసింది ఏమీ లేదు. తన దగ్గర ఉన్నది ఇంకొకరి ఆకలికి పనికొస్తుందని ఆ వయసులో తెలియడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ డబ్బా చివరికి ఎవరింట్లో తెరుచుకుంటుంది? బ్రిటన్‌లో ఫుడ్‌బ్యాంకులు నడిపే సంస్థల్లో పెద్దది ట్రస్సెల్. 2023-24లో దాని కేంద్రాలు 31 లక్షలకు పైగా అత్యవసర ఆహార పొట్లాలు పంచాయి. వాటిలో 11 లక్షలకు పైగా పిల్లల కోసం ఇచ్చినవే. ఈ పిల్లలు సముద్రాల అవతల లేరు. చర్చి బడుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి కాబట్టి కలిగినవాళ్ళ పిల్లలూ లేనివాళ్ళ పిల్లలూ వాటిలో కలిసే చదువుతారు. పండగ రోజు డబ్బా తెచ్చిన పిల్లా, ఆ వారాంతంలో అదే డబ్బాతో కడుపు నింపుకునే పిల్లా ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం ఉంది. మరి ఈ పండగ ఆ రెండో పిల్లకి ఏం నేర్పుతున్నట్టు? ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అని మనవాళ్ళు ఊరికే అనలేదు. దయ ఎంత మంచి మనసుతో చేసినా ఆ ఎత్తుపల్లాలను తనంతట తాను చదును చేయలేదు.

ఈ సంగతి చర్చికి తెలియదని కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి నాలుగున్నర వేలకు పైగా బడులున్నాయి. అందులో అత్యధికం ప్రాథమిక పాఠశాలలే. సుమారు పది లక్షల మంది పిల్లలు వాటిలో చదువుతున్నారు. ఈ బడుల క్రైస్తవ స్వభావాన్ని పరిశీలించడానికి సియామ్స్ పేరుతో విడిగా తనిఖీ ఉంటుంది. అన్యాయం కనబడితే ఇతరుల పక్షాన ధైర్యంగా నోరు విప్పడం పిల్లలకి నేర్పుతున్నారా అని 2018 నుంచి ఆ తనిఖీలో చూస్తున్నారు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో న్యాయం, బాధ్యత అన్నవి ఒక ప్రత్యేకమైన ప్రశ్నే అయ్యాయి. సేవా సంస్థ క్రిస్టియన్ ఎయిడ్‌తో కలిసి నడుపుతున్న ‘గ్లోబల్ నైబర్స్’ పథకం కింద ఈ పని బాగా చేసిన బడులకు కాంస్య, రజత, స్వర్ణ గుర్తింపులు ఇస్తారు. చందాలు పోగుచేయడంతో సరిపెట్టకుండా, పేదరికం ఎందుకుందో పిల్లలు అడగాలన్నది దీని వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే. అందుకే దాన్ని చివరిదాకా సాగదీసి చూడాలనిపిస్తుంది.

ఇలాంటి బడుల్లో పిల్లలు ఎంపీలకి ఉత్తరాలు రాస్తారు. అరటిపళ్ళు పండించే రైతుకి గిట్టుబాటు ధర దక్కాలంటారు. సముద్రంలో పడే ప్లాస్టిక్ గురించి పోస్టర్లు వేస్తారు. ఇవన్నీ నిజమైన సమస్యలే. కానీ ఆ రైతు వచ్చి హెడ్మాస్టరు గది తలుపు తట్టడు. న్యాయం ఎంత దూరాన ఉంటే దాని గురించి మాట్లాడటం అంత క్షేమం. ఒక పిల్ల తన వేలిని బడి గోడ వైపే తిప్పితే ఏమవుతుంది?

తిప్పడానికి చోటు లేకపోలేదు. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో మతాన్ని బట్టి వివక్ష చూపకూడదు. మత బడుల అడ్మిషన్లకు మాత్రం అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. సీట్లకు పోటీ ఉన్నచోట, చర్చికి క్రమంగా వచ్చే కుటుంబాల పిల్లలను అలాంటి బడి ముందు చేర్చుకోవచ్చు. చాలా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడులు ఈ వెసులుబాటును వాడుకోవడం లేదు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. వాడుకుంటున్నవీ ఉన్నాయి. సీటు దొరికేదాకా ప్రతి ఆదివారం ప్రార్థనకు హాజరై, దొరికాక కనబడకుండా పోయే తల్లిదండ్రుల మీద ఆ దేశంలో జోకులు కూడా ఉన్నాయి. ‘మా పక్కింటి అబ్బాయికి ఇక్కడ సీటు ఎందుకు రాలేదు? వాళ్ళు చర్చికి రానందుకా? అది న్యాయమేనా?’ అని ఒక మూడో తరగతి పిల్ల అడిగిందనుకుందాం. ఆ ప్రశ్నకి స్వర్ణ గుర్తింపు వస్తుందా, లేక ‘అవి పెద్దవాళ్ళ విషయాలమ్మా’ అన్న జవాబు వస్తుందా?

అంత చిన్నపిల్లలకి న్యాయం గురించి ఏం తెలుసు అనవచ్చు. స్విట్జర్లాండ్‌లో ఎర్న్‌స్ట్ ఫేర్ పరిశోధక బృందం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వయసు పిల్లలకి మిఠాయిలు ఇచ్చి, ఎలా పంచుతారో గమనించింది. ఆ ఫలితాలు 2008లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. మూడు నాలుగేళ్ళ వాళ్ళలో ఎక్కువమంది తమ సంగతి తాము చూసుకున్నారు. ఏడెనిమిదేళ్ళకు వచ్చేసరికి ఎక్కువమంది సమానంగా ఉండే పంపకాన్నే ఎంచుకున్నారు. ఇక్కడిదాకా వింటే సంతోషంగానే ఉంటుంది. అదే పరిశోధనలో రెండో సంగతి కూడా బయటపడింది. సమానత్వ బుద్ధితో పాటు, తమ బడి పిల్లలను ఒకలాగా పరాయి బడి పిల్లలను మరోలాగా చూడటం కూడా వయసుతో పెరిగింది. న్యాయబుద్ధీ ‘మనవాళ్ళు’ అన్న గీతా ఒకే వయసులో బలపడుతున్నాయన్నమాట. అలాంటప్పుడు ప్రాథమిక బడి చేయవలసిన పని న్యాయాన్ని కొత్తగా నూరిపోయడం కాదు. ఆ గీతను ఇంకా చిక్కగా దిద్దకుండా ఉండటం. మతాన్ని చూసి సీటు ఇచ్చే బడి రోజూ చేస్తున్నది దిద్దడమా, చెరపడమా?

ఇక వయసు ప్రశ్న. 1963 మే 2న అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరంలో నల్లజాతి పిల్లలు బడులు మాని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో చేరారు. అక్కడి నుంచి జట్లు జట్లుగా వీధుల్లోకి నడిచారు. వర్ణ విభజనకు వ్యతిరేకంగా జరిగిన ఆ ఊరేగింపుల్లో వందలమంది పిల్లలు అరెస్టయ్యారు. మర్నాడు పోలీసులు వాళ్ళ మీదికి కుక్కలను ఉసిగొల్పారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. ఆడ్రీ ఫే హెండ్రిక్స్ అప్పటికి తొమ్మిదేళ్ళది, మూడో తరగతి. జైలుకి వెళతానని తల్లిదండ్రులకు తనే చెప్పి వెళ్ళి, వారం రోజులు నిర్బంధంలో ఉంది.

పిల్లలను దింపాలన్న ఆలోచన ఉద్యమ నాయకుల్లో ఒకడైన జేమ్స్ బెవెల్‌ది. పెద్దవాళ్ళు జైలుకి వెళితే ఉద్యోగాలు పోతాయి, ఇల్లు గడవదు. పిల్లలకి ఆ ఇబ్బంది లేదు. మార్టిన్ లూథర్ కింగ్ వెంటనే ఒప్పుకోలేకపోయాడు. వయసు పరిమితి ఎక్కడ పెట్టాలన్న చర్చలో బెవెల్ వాదన సూటిగా ఉంది. చర్చి సభ్యత్వం తీసుకునే వయసు వచ్చిన పిల్లలకి ఊరేగింపులో నడిచే వయసు కూడా వచ్చినట్టే. బాప్టిస్టు సంప్రదాయంలో విశ్వాసం పిల్లలు తమంతట తాము ఒప్పుకోవలసిన సంగతి. ఆత్మ గురించి నిర్ణయం చేసుకోగల పిల్ల తన ఊళ్ళో అన్యాయం గురించి నిర్ణయం చేసుకోలేదా అన్నది బెవెల్ ప్రశ్న. మతం ఏదైనా సరే, పిల్లలను అందులో పెంచే ప్రతి ఇల్లూ ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవలసిందే. నమ్మడానికి పిల్లల వయసు సరిపోయి, ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టమని అడగడానికి మాత్రం చాలకపోవడం ఏం లెక్క?

ఆ వాదన నచ్చనివాళ్ళు అప్పుడే ఉన్నారు. పిల్లలను ముందుకు నెట్టడం మగతనం కాదన్నాడు మాల్కం ఎక్స్. అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ కూడా తప్పుపట్టాడు. వాళ్ళ భయం వట్టిది కాదు. మే 10న ఒప్పందం కుదిరింది, నగరం కొంత దిగివచ్చింది. అదే ఏడు సెప్టెంబరు 15న అదే చర్చిలో తెల్లజాతి దురహంకారులు పెట్టిన బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకరికి పదకొండు. ఊరేగింపుల వల్లే అది జరిగిందనలేం. వివక్ష నీడలో పుట్టిన పిల్లలకి ఇంట్లో కూర్చుంటే మాత్రం క్షేమం ఉండేదని అంతకన్నా అనలేం. పిల్లలను అన్యాయం నుంచి కాపాడలేని పెద్దలు, అన్యాయాన్ని ఎదిరించడం నుంచి మాత్రం వాళ్ళను కాపాడతామనడంలో ఏదో మెలిక ఉంది. అలాగని తొమ్మిదేళ్ళ పిల్లను జైలుకి పంపడం సరైన పనేనని ధీమాగా చెప్పడానికీ నోరు రాదు.

ఇదంతా ఎక్కడి గొడవో అనుకోనక్కర్లేదు. 1866లో జాన్ క్లౌ, ఆయన భార్య హారియెట్ ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టారు. పై కులాలవారు వాళ్ళ బడి వైపు మొగ్గుతున్న రోజుల్లోనే మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం ఉండం అన్నారు పై కులాలవారు. క్లౌ దంపతులు విడివిడిగా బైబిల్ తెరిచారు. ఇద్దరి కళ్ళూ కొరింథీయుల మొదటి పత్రికలో, లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటే పడ్డాయట. మాదిగలను చేర్చుకున్నారు, పై కులాలవారు దూరమయ్యారు. అక్కడ న్యాయానికి ఒక ధర ఉంది, ఆ ధర చెల్లించింది సంస్థ. ఆ తర్వాత మన చర్చిల్లోనే కులాల వారీ వరసలు ఏర్పడటం వేరే కథ, తలదించుకోవలసిన కథ.

మన దేశంలో ఇప్పటి సంగతీ చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకివ్వమంది. ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మైనారిటీల హక్కులకు రక్షణ ఉండాలన్న వాదనలో బలముంది, ఈ రోజుల్లో మరీను. అయినా క్రిస్మస్‌కి అనాథాశ్రమంలో దుప్పట్లు పంచి వచ్చిన నాలుగో తరగతి పిల్లవాడు ‘ఆ పిల్లలు మన బడికి ఎందుకు రారు?’ అని అడిగితే, చట్టం మాకు మినహాయింపు ఇచ్చింది నాయనా అని చెప్పడం క్రీస్తు పేరు పెట్టుకున్న బడికి ఎంత నప్పుతుంది? మతం లేని బడుల వాళ్ళం మేం మెరుగు అనుకోవడానికీ వీల్లేదు. అక్కడ దేవుడి స్థానంలో ఫీజు కూర్చుంది.

దయకి దేవుడు అవసరమా అని హేతువాదులు, దేవుడు లేకుండా దయ నిలుస్తుందా అని భక్తులు ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. ఏ బడి దయ అయినా ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని కన్నా ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. క్రైస్తవ బడుల్లో తరచుగా చెప్పే మంచి సమరయుడి కథలో దారిన పోతూ పట్టించుకోని ఇద్దరూ సొంత మతం వాళ్ళు, ఆగి గాయాలు కట్టినవాడు పరాయివాడు. కథ చెప్పి వదిలేస్తే అది నీతిపాఠం. అదే కథను తమ అడ్మిషన్ నియమాల పక్కన పెట్టి చదవమని పిల్లలకి ఇస్తే అది న్యాయశిక్షణ. డబ్బాలు తెచ్చే పిల్లలను తేవొద్దనక్కర్లేదు. ఆకలి ఈ రాత్రికే ఉంది కాబట్టి అవి కావాలి. దాంతోపాటు, ఆ పిల్లలు అడిగే ప్రశ్నకి బడి యాజమాన్యం కూర్చుని, కారణాలు చెప్పి, అవసరమైతే నియమం మార్చుకునే పద్ధతి ఒకటి ఉండాలి. అది లేనంతకాలం న్యాయం కోసం పనిచేస్తున్నది పిల్లలేనని, బడి కాదని ఒప్పుకోవాలి.