ఆదాయం అనే గడి

మా ఇంటి అరుగు మీద కూర్చుని నేను నింపిన దరఖాస్తులకు లెక్క లేదు. హొసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో ఆ రెండూ కాక కన్నడం. అందువల్ల రిటైరైన బడిపంతులు అవసరం ఎవరికో ఒకరికి పడుతూనే ఉంటుంది. ఆ పనిలో నేను చేసిన ఒక పని తప్పో ఒప్పో రెండేళ్ళుగా తేల్చుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2023లో ఒక రోజాపూల రైతు వచ్చాడు. ఎకరన్నర తోట ఆయనది. భార్యకు గుండె కవాటం చెడిందనీ, మార్చాలనీ డాక్టర్లు చెప్పారు. మా రాష్ట్రంలో ముఖ్యమంత్రి పేరిట ఉన్న బీమా కార్డుకు అప్పటికి కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయలు దాటకూడదు. దాటలేదని రెవెన్యూవారి ధ్రువపత్రం ఉండాలి. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఫిబ్రవరిలో పూలకు పలికే ధర, పెళ్ళిళ్ళ కాలం, కోత కూలి కూడా గిట్టని ఆషాఢం, అన్నీ కలిపి ఖర్చులు పోను లక్షా అరవై వేల దగ్గర తేలింది.

"అయ్యోరా, లక్ష అని రాసేయండి. అందరూ అట్లే రాయించుకుంటా ఉండారు గదా" అన్నాడు.

నేను రాయలేదు. అబద్ధం ఆడవద్దని పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పిన చేత్తో రాయలేనన్నాను. ఆయన వాదించలేదు. నా మీద గౌరవం కొద్దీ మరొకరి చేత రాయించుకోనూ లేదు. సర్కారు ఆసుపత్రిలో తేదీ వచ్చేదాకా ఆగే ఓపిక ఆమె గుండెకు లేదన్నారు. ప్రైవేటులో ఆపరేషను అయింది. ఆమె బతికింది. తోటలో ఎకరం భోగ్యానికి పోయింది.

ఇక నా సంగతి. నా పింఛనులోంచి ప్రతి నెలా బీమాకని కొంత సొమ్ము కోసుకుంటారు. నాకు పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు. నాతోపాటు రిటైరై రోజూ మూడు మైళ్ళు నడిచే మిత్రుడికి తలనొప్పి కూడా రాదు. కోత మాత్రం ఇద్దరికీ ఒకటే. నీ జబ్బేమిటని నన్నెవరూ అడగలేదు, నువ్వు చేరతావా అనీ అడగలేదు. కోసుకున్నారు, అంతే. మొదట్లో మా పింఛనుదార్లు కొందరు గొణిగారు, ఆ మిత్రుడే అందరికంటే గట్టిగా గొణిగాడు. ఇప్పుడు ఆలోచిస్తే, అతని గొణుగుడు వినిపించుకోలేదు కాబట్టే నాకు వైద్యం అందుతోందని అర్థమవుతోంది.

మన ఊళ్ళలో చీటీ అంటే అందరికీ తెలుసు. ఇరవైమంది కడతారు, ఇవాళ కాకపోతే ఆరు నెలలకు ఎవరి వంతు వాళ్ళకు వస్తుంది. బీమా అలాంటిది కాదు. అందులో వంతు రాకపోవడమే అదృష్టం. ఏమీ కానివాడు డబ్బు పోయిందనుకుంటాడు. అందుకని ఒంట్లో బాగున్నవాడు చేరడు, బాగాలేనివాడు పరుగెత్తుకొస్తాడు. అమ్మేవాడేమో బాగున్నవాణ్ణే కోరుకుంటాడు, బాగాలేనివాడికి ధర పెంచుతాడు. కెన్నెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త వైద్యం మిగతా సరుకుల్లాంటిది కాదని 1963లోనే ఒక వ్యాసంలో వివరించాడు. ఏ జబ్బు ఎప్పుడొస్తుందో రోగికి తెలియదు, ఏ మందు కావాలో డాక్టరు చెబితే తప్ప తెలియదు. కందిపప్పు నచ్చకపోతే పక్క అంగడికి పోతాం. ఆపరేషను బల్ల మీద పడుకున్నవాడు ఎక్కడికి పోతాడు?

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈ మాట ఒప్పుకోడు. ఎవరి బీమా వాళ్ళు కొనుక్కోవాలి, సర్కారు పన్ను తగ్గిస్తే చాలంటాడు. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్‌టీ తీసేసినప్పుడు ఫోను చేసి మరీ చెప్పాడు. సంతోషమే. కానీ రైతుకు అందనిది ఆ పద్దెనిమిది శాతం కాదు, మిగతా మొత్తం. పైగా వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది, సంపాదన తగ్గుతుంది. ఆ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటిన చోటే మనిషికి బీమా కావలసి వస్తుంది.

అయితే సర్కారు అన్నీ బీమాతోనే చేయాలా అంటే అదీ నేను అనను. కుప్పంలో మా తోడల్లుడికి గుండె ఆపరేషను ఆరోగ్యశ్రీలో పైసా లేకుండా జరిగింది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ పథకం మొదలు కాకముందు అలాంటివాళ్ళు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడవలసి వచ్చేది. దయ తలిస్తే దొరికేది కార్డు చూపితే దొరకడం చిన్న మార్పు కాదు. కానీ ఆపరేషను తర్వాత జీవితాంతం మింగే మాత్రల ఖర్చో? గుండె ఆగబోయేదాకా రక్తపోటు ఎవరూ చూడకపోవడమో? పెద్దాసుపత్రికి బిల్లు కట్టే పథకానికి ఈ చిన్న విషయాలు ఆనవు.

ఈ విషయంలో మేమున్న రాష్ట్రాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. సర్కారు ఆసుపత్రులకు మందులు టోకున కొని పంచడానికి 1994లో ఇక్కడ ఒక కార్పొరేషను పెట్టారు. దాని పేరు ఏ రోగికీ తెలియదు, మందు మాత్రం చేతికి వస్తుంది. 2021 ఆగస్టు 5న ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు, చక్కెర మందులిచ్చే పథకాన్ని ప్రారంభించింది మా కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. మా వీధి ముసలమ్మకు ఇంటికొచ్చే ఆ మాత్రలే పెద్ద బీమా, ఆ మాట ఆమెకు తెలియకపోయినా.

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేదట, 2021-22 నాటికి 39.4కు దిగింది. ఇవి ప్రభుత్వ లెక్కలే. దిగడం మంచిదే. నన్ను ఆ మిగిలిన వాటా ఎవరి జేబుదన్నది పీడిస్తోంది. గీతకు కిందివాడికి కార్డుంది. బాగా పైనున్నవాడు కొనుక్కుంటాడు. నాలాంటి ఉద్యోగికి జీతంలోనో పింఛనులోనో కోత ఉంది. గీతకు నలభై వేలు పైనున్న పూలరైతుకు ఏమీ లేదు. 2024 అక్టోబరులో కేంద్ర పథకాన్ని డెబ్బయ్యేళ్ళు దాటినవారందరికీ విస్తరించినప్పుడు ఆదాయం అడగలేదు. వయసుకు లేని ఆదాయ పరీక్ష యాభై ఏళ్ళ గుండెకెందుకు?

అందరికీ ఇస్తే ఖజానా చాలదంటారు. ఆ లెక్కను కొట్టిపారేయను. కానీ గీత గీసి ఆదా చేసినదాంట్లో కొంత అబద్ధపు ధ్రువపత్రాల రూపంలో పోతూనే ఉంది, నిజం చెప్పినవాడి దగ్గర మిగిలిందే అసలు ఆదా. అబద్ధం రాయకపోవడం నా ధర్మమనుకున్నాను. దాని ఖరీదు నేను కట్టలేదు, ఆయన కట్టాడు. ఇతరుల తోట మీద నిజాయితీ చూపడం సులభం. అలాగని లక్ష అని రాసివుండవలసిందా? ఇప్పటికీ అవునని నోరు రావడం లేదు. ఆ గడిని పెట్టినవాళ్ళ తప్పు కొంత నా కలం మీద పడిందని మాత్రం అనుకుంటున్నాను.

పోయిన నెల ఆ రైతు కొడుకు అదే దరఖాస్తు పట్టుకొచ్చాడు. మళ్ళీ లెక్క వేశాం. అరెకరం తోట, తండ్రీకొడుకుల కూలి, భోగ్యం ఇంకా విడవలేదు. లక్షా పదివేలు కూడా దాటలేదు. ఈసారి నిజమే రాశాను. ధ్రువపత్రం వారంలో వచ్చింది, కార్డూ వచ్చింది. అందులో ఆమె పేరు తమిళంలో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించడానికి సోమవారం మళ్ళీ కచేరీకి వెళ్ళాలి.