అవసరానికో అమ్మాయి

ఒక మనిషికి పని చూపించడం ఉపకారమా, వ్యాపారమా? రెండూ అయినప్పుడు ఉపకారం ఎంత, దానికి వెల కట్టిందెవరు? ఈ ప్రశ్న వేసుకోవడానికి విలియం రస్సెల్ కెల్లీ కథ పనికొస్తుంది.

1946లో అమెరికాలోని డెట్రాయిట్‌లో కెల్లీ ఒక చిన్న ఆఫీసు తెరిచాడు. ఇతర కంపెనీల టైపింగ్, లెక్కల పని తన దగ్గర చేయించి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకి కంపెనీలు పని చేసిపెట్టడం కాదు, మనిషినే పంపమన్నాయి. టైపిస్టుని గంటల లెక్కన పంపడమే అసలు వ్యాపారమైంది. 1957లో సంస్థ పేరు ‘కెల్లీ గర్ల్ సర్వీస్’. పెళ్ళయి పిల్లలున్న నడివయసు స్త్రీ కూడా ఆ పేరులో ‘గర్లే’. 1966లో పేరులోంచి ‘గర్ల్’ పోయి ‘కెల్లీ సర్వీసెస్’ అయింది గానీ, జనం నోట్లోంచి పోలేదు.

కెల్లీ మేలు చెయ్యలేదని అనలేం. యుద్ధం ముగిసింది, ఇక ఇళ్ళకి వెళ్ళండని స్త్రీలకి చెప్తున్న కాలమది. పిల్లలు బడికెళ్ళిన వేళ నాలుగు గంటల పని, చేతిలో సొంత డబ్బు ఎంతోమందికి ఊపిరి.

కానీ 1971లో సంస్థ ఇచ్చిన ఒక ప్రకటన చూడండి. తమ అమ్మాయి సెలవు అడగదట. జీతం పెంచమనదట. పని లేని గంటకి డబ్బు ఖర్చు చేయించదట. కంపెనీ సమయంలో ఆమెకి జలుబు కూడా చెయ్యదట. నిజానికి ఆమెకీ జలుబు చేస్తుంది. ఆ రోజు కూలి పోతుంది, అంతే. ఖర్చు మాయం కాలేదు, కంపెనీ పద్దులోంచి ఆమె ఇంటి పద్దులోకి మారింది.

ఇల్లు గడిచేది మగవాడి జీతంతోననీ, ఆమెది పైఖర్చులకనీ లోకం నమ్మింది కాబట్టే ఇది అన్యాయంగా కనబడలేదు. ఆ నమ్మకాన్ని కెల్లీ పుట్టించలేదు, దానిమీద వ్యాపారం కట్టాడు. తాను సృష్టించని అన్యాయంతో లాభపడేవాడికి బాధ్యత లేదా? ఉందనే నా అభిప్రాయం. అది ఇలాగే ఉండాలని ఆశించేది ముందుగా అతనే కదా.

మన దగ్గర ‘అవుట్‌సోర్సింగ్’ అనే మాట ఆసుపత్రి నర్సుకీ, వీధులూడ్చే కార్మికురాలికీ ఇంటిపేరులా అతుక్కుంది. జీతం ఆలస్యమైతే ఆఫీసు ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ ఆఫీసుని చూపిస్తుంది. మధ్యలో ఆమె నిలబడి ఉంటుంది.

మనకి కావలసిన వేళల్లో పని అడగడం తప్పు కాదు. ఆ వీలు ఇచ్చినందుకు హక్కుల్ని వదులుకోమనడం తప్పు. పని లాభం ఎవరిదో, పనిచేసే మనిషి జలుబు ఖర్చూ వాళ్ళదే కావాలి.