పొయ్యి వెనుకటి మసి



కల్యాణపురమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో మోళిగె మారయ్య ఒకడు. ఆయన మునుపు కాశ్మీరదేశమునకు రాజనియు, భార్య మహాదేవమ్మతోగూడ సింహాసనము విడిచి వచ్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. వచ్చినవాడు పీఠమెక్కి పూజలందుకొనలేదు. అడవికేగి కట్టెలు కొట్టెను. మోపులు కట్టి వీథులలో అమ్మెను. ఆ రాబడితో జంగమదాసోహము నడపెను. మంచుదేశపు రాజు కట్టెల కాయకమునే ఎన్నుకొనుట నాకు ఎల్లప్పుడును ముచ్చట గొలుపును. చలి యెరిగినవానికి నిప్పు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు గదా!

నేడు మన కుటుంబముల బిడ్డలు కొందరు అమెరికా, కెనడా దేశములలో, నెలల తరబడి మంచు కప్పియుండు ఊళ్ళలో కాపురముండిరి. అచటి కొన్ని యిండ్లలో గదిని వెచ్చజేయుటకు పెల్లెట్ స్టౌ అను పొయ్యి యుండును. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన పిమ్మట వేరు ఇంధనములకై వెదకులాట సాగెను. 1980ల తొలినాళ్ళలో అమెరికా వాయవ్యప్రాంతమున ఈ పొయ్యి ఇండ్లలో ప్రవేశించినది. కోతమిల్లులలో మిగిలిన రంపపుపొట్టును బలముగా అదిమి, 6 నుండి 8 మిల్లీమీటర్ల లావు గుళికలుగా చేయుదురు. వేరుగా జిగురు కలుపనక్కరలేదు; ఒత్తిడికి వేడెక్కినప్పుడు కట్టెలోని లిగ్నిన్ అను పదార్థమే పొట్టును పట్టియుంచును. పారవేయదగిన పొట్టు ఇల్లు కాచు నిప్పగుట చూచినచో మారయ్య సంతసించియుండెడివాడు.

ఆ పొయ్యి పనితీరు తెలిసికొనుడు. పైనున్న తొట్టిలో గుళికలు పోయుదురు. మరచుట్టు గల కడ్డీ యొకటి తిరుగుచు వానిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోనికి జార్చును. గిన్నె రంధ్రములగుండ గాలి లోనికి వచ్చును. ఒక ఫ్యాను పొగను గొట్టముద్వారా ఆరుబయటికి పంపును. మరియొకటి వేడిగాలిని గదిలోనికి విసరును. ఈ రెండు గాలులు ఎన్నడును కలియరాదు. ఆ పొయ్యి ధర్మమంతయు ఇంతలోనే యున్నది.

ముందు అద్దపు తలుపుండును. అతిథులు చూచునది అదే కనుక గృహస్థులు దానిని తళతళలాడునట్లు తుడుతురు, ముందరి పళ్ళెములోని బూడిద తీసివేయుదురు, శుభ్రమైనదని తృప్తిపడుదురు. కాని మంచి గుళికలలో బూడిద నూటికి ఒక పాలు కంటె తక్కువే యైనను, శీతకాలమంతయు మండునప్పటికి ఆ సన్నని నుసి వెనుక దారులలో, పలకల చాటున, వేడి మార్చు గొట్టములపైన, పొగలాగు ఫ్యాను రెక్కలపైన మేటవేయును. ముందు దివ్యమైన జ్వాల, వెనుక ఊపిరాడని పొగదారి! నొసట విభూతి రేఖలు దిద్దుకొని మనస్సున మాలిన్యము మోయువారిని శరణులు ఎంత తీవ్రముగ మందలించిరో మనమెరుగుదుము. లోపలి శుద్ధియు వెలుపలి శుద్ధియు రెండును కావలెననుటయే బసవేశ్వరుని బోధ.

పని విధము వినుడు. మొదట పొయ్యి పూర్తిగా చల్లారవలెను. పిదప విద్యుత్ ప్లగ్గు ఊడదీయవలెను. నివురుగప్పిన నిప్పు అను మాట మన పెద్దలు ఊరక పుట్టింపలేదు. బూడిదలో కణికలు చాలకాలము బ్రదికియుండును. ఇంటిలోని మామూలు వాక్యూమ్ క్లీనరుతో దానిని పీల్చినచో లోపలి సంచి అంటుకొనును. బూడిదకై చేసిన యంత్రమునే వాడవలెను. తీసిన బూడిదను మూతగల లోహపు డబ్బాలో, ఇంటి గోడలకు దూరముగ, బయట ఉంచవలెను. అట్టపెట్టెలో పోసి వసారాలో పెట్టి కొంపలు కాల్చుకొన్నవారు గలరు. ఒక మాట: ఇది పొయ్యి బూడిద, అష్టావరణములలోని భస్మము గాదు. తోటకు వేయవచ్చును, నొసట ధరింపరాదు.

నిప్పుగిన్నెలో గట్టిపడిన చిట్టెమును గోకి, ప్రతి రంధ్రమును సన్నని కడ్డీతో పొడిచి తెరువవలెను. రంధ్రము మూసికొనినచో గాలి చాలక జ్వాల సోమరిగా ఎగసి మసి కక్కును. తొట్టి అడుగున చేరిన పొడిని తీసివేయవలెను. కడ్డీ ఇరుకుటకు తరచుగ అదే కారణము. వెనుక పలకలు విప్పి నుసిని కుంచెతో రాల్చవలెను. పొగగొట్టమును కొసవరకు తోమవలెను. ఇంత పని కనీసము ఏడాదికొకసారి, చలి మొదలుకాకముందే జరుగవలెను.

తరువాత మరమ్మతు. తలుపు చుట్టునున్న తాడువంటి గాస్కెట్ అరిగినదో లేదో తెలియుటకు ఒక కాగితమును తలుపునడుమ నుంచి మూసి లాగి చూడుడు. సులువుగ జారివచ్చినచో గాస్కెట్ మార్చవలెను. పొగదారి మూసికొనిపోయినప్పుడు గుళికల రాకను ఆపివేయు చిన్న రక్షణ స్విచ్చు ఒకటి యుండును. పొయ్యి మాటిమాటికి ఆగిపోవుచున్నదని విసిగి, కొందరు దానికి తీగ చుట్టి నోరు మూయింతురు. ఇంతకంటె పెద్ద అవివేకము నాకు కానరాదు! హెచ్చరించు గురువును గది నుండి వెళ్ళగొట్టుటయే ఇది.

ఏలనగా పొగదారి మూసికొన్న పొయ్యినుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు గదిలోనికి రావచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలముతో దానిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, తల తిరుగుట కలుగును. జలుబు జ్వరమనుకొని పడుకొన్నవారు మరల లేవకపోవచ్చును. ఇంటిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి ఇట్లు తోచినచో, లెక్కలు వేయుచు కూర్చుండక, అందరును తత్‌క్షణము బయటికి పోయి సహాయమునకై పిలువవలెను. పడకగదుల చెంత ఈ వాయువును పసిగట్టు అలారము తప్పక ఉంచుడు. దాని వెల ఒక పండుగచీర వెల గూడ గాదు.

“మాకు పూజకే వేళ చాలదు, మసి పని యెవరు చేయుదురు?” అనువారికి నులియ చందయ్యను గుర్తుచేసెదను. తాళ్ళు పేను కాయకమునకై గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారిపడెనట; ఆయన చేతిపని విడువక సాగిపోయెనట. మిమ్ము లింగపూజ మానుమని చెప్పుట లేదు. పూజ ముగించి, పాతబట్ట కట్టి, ముక్కుకు గుడ్డ చుట్టి కూర్చుండుడని మాత్రము చెప్పుచున్నాను. చేతగాని భాగమునకు, ముఖ్యముగ విద్యుత్ తీగల పనికి, తెలిసిన మేస్త్రీని పిలిచి, బేరమాడక కూలి యిండు. మడివాళ మాచయ్య మురికిబట్టలు ఉతికినవాడే. అనుభవమంటపమున ఆయనకు దక్కిన గౌరవము ఎవరికిని తీసిపోలేదు. మసి అంటిన చేతితో వచ్చిన పనివానిని గడప బయట నిలిపి మాటాడు కుటుంబము, లింగము ధరించియు, శరణమార్గమునకు దూరమే.

అన్నియు మరల బిగించిన పిదప పొయ్యి వెలిగించి, ఒక గంటసేపు చెంతనే యుండుడు. జ్వాల పసుపుపచ్చగా, పొట్టిగా, చురుకుగా ఆడుచున్నచో గాలి సరిగా అందుచున్నదని తెలియవలెను. పొడవుగా, ఎఱ్ఱబారి, కొనయందు నల్లగా ఊగుచున్నచో ఎచటనో నుసి మిగిలియున్నది. ఆర్పి, చల్లార్చి, ప్లగ్గు తీసి, వెనుక పలకలు మరల విప్పుడు.