సదుద్దేశమూ దోషమూ: ‘సూపర్‌నాచురల్’ నాలుగవ సీజన్‌లో నైతిక బాధ్యత

ప్రవేశిక

మంచి ఉద్దేశంతో చేసిన పనిలోని దోషం కర్తకు అంటుతుందా అన్నది నీతిశాస్త్రంలో చిరకాలంగా నలుగుతున్న ప్రశ్న. కాంట్ సంకల్పశుద్ధికి ప్రాధాన్యమిచ్చాడు. మిల్ వంటి ప్రయోజనవాదులు అధికసంఖ్యాకులకు కలిగే మేలును ప్రమాణంగా గ్రహించారు. సంకల్పమూ ఫలితమూ రెండూ కర్తను కాపాడలేని ఒక సందర్భాన్ని అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘సూపర్‌నాచురల్’ నాలుగవ సీజన్ చిత్రించింది. ఎరిక్ క్రిప్కీ సృష్టించిన ఈ ధారావాహిక 2005 నుండి 2020 వరకు 15 సీజన్లుగా ప్రసారమైంది. 22 భాగాల నాలుగవ సీజన్ 2008 సెప్టెంబరులో మొదలై 2009 మేలో ముగిసింది. దుష్టాత్మలను వేటాడే అన్నదమ్ములు డీన్, సామ్ ఇందులో ప్రధానపాత్రలు. పైకి భయానక కథగా కనిపించే ఈ సీజన్ నైతిక బాధ్యతను గురించి ఏమి ప్రతిపాదిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కథా నేపథ్యం

చనిపోయిన తమ్ముడిని బ్రతికించుకోవడానికి డీన్ తన ఆత్మను తాకట్టుపెట్టి, గడువు తీరగానే నరకానికి పోవడంతో మూడవ సీజన్ ముగిసింది. కాస్టియెల్ అనే దేవదూత అతనిని తిరిగి భూమికి తేవడంతో నాలుగవ సీజన్ ఆరంభమవుతుంది. బైబిల్‌లోని ప్రకటన గ్రంథంలో ఏడు ముద్రల ప్రస్తావన ఉంది. ధారావాహిక ఆ కల్పనను విస్తరించింది. ఆరువందలకు పైగా ఉన్న ముద్రలలో 66 తెగితే లూసిఫర్ చెర వీడి లోకాంతం సంభవిస్తుంది. వాటిని తెంచడానికి లిలిత్ అనే దుష్టాత్మ పూనుకుంటుంది. లిలిత్‌ను చంపితే లోకం రక్షింపబడుతుందని సామ్ నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించేది రూబీ అనే మరొక దుష్టాత్మ.

నిర్బంధంలో జరిగిన దోషం

భూమిపై నాలుగు నెలలు గడిచిన కాలం నరకంలో డీన్‌కు 40 ఏళ్లుగా గడిచింది. ఇతరులను హింసించడానికి ఒప్పుకుంటే తన హింస ఆగుతుందని ప్రతిరోజూ అతనికి ఒక అవకాశం ఇవ్వబడుతుంది. 30 ఏళ్లు నిరాకరించిన డీన్ చివరికి లొంగిపోయి, మిగిలిన పదేళ్లు తానే హింసకుడవుతాడు. ధర్మపరుడు నరకంలో రక్తం చిందించడమే మొదటి ముద్ర తెగడమని అతనికి పదహారవ భాగంలో తెలుస్తుంది. అంటే లోకవినాశానికి తొలి ద్వారం తెరిచింది అతని చేయే.

ఇటువంటి నిర్బంధంలో జరిగిన పనికి కర్తను దోషిగా ఎంచడం న్యాయం కాదు. డీన్‌ను నిందించడానికి తమ్ముడు కూడా సిద్ధపడడు. అయినా డీన్ తనను తాను క్షమించుకోడు. పైగా ఆ హింసలో తనకు సుఖం కలిగిందన్న సత్యాన్ని కూడా అతను దాచుకోడు. బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ‘నైతిక అదృష్టం’ అనే భావనను చర్చిస్తూ, తన తప్పు లేకుండానే లారీ కింద ఒక బిడ్డ మరణించినప్పుడు ఆ డ్రైవరు పడే వేదన చూపరుల విచారం వంటిది కాదన్నాడు. ఆ వేదన కర్తకు మాత్రమే చెందినది. అది లేని డ్రైవరును చూసి మనం శంకిస్తాం. డీన్ బాధ ఈ కోవలోనిదే అయినా ఒక భేదం ఉంది. లారీ డ్రైవరు ఎంచుకున్నది ఏదీ లేదు. డీన్ ఎంతటి ఒత్తిడిలోనైనా ఒకటి ఎంచుకున్నాడు. అందువల్ల అతని వేదనలో విచారంతో పాటు అపరాధస్పృహ కూడా ఉంది. నరకం అతని సంకల్పాన్ని విరిచినా, జరిగిన దానిని దోషమని గుర్తించే శక్తిని మాత్రం హరించలేకపోయింది.

సదుద్దేశంతో జరిగిన దోషం

సామ్ పరిస్థితి దీనికి విపర్యయం. అతనిని ఎవరూ చిత్రహింస పెట్టలేదు. మనోబలంతో దుష్టాత్మలను మానవ శరీరాల నుండి వెళ్లగొట్టే శక్తి అతనిలో ఉంది. నాలుగవ భాగంలో ఈ సంగతి బయటపడి డీన్ మండిపడినప్పుడు సామ్ చెప్పే సమాధానం బలమైనది. వేటగాళ్లు వాడే కత్తి దుష్టాత్మతో పాటు అది ఆవహించిన మనిషిని కూడా చంపుతుంది. తన పద్ధతిలో ఆ మనుషులలో పలువురు బ్రతుకుతున్నారు. ఈ వాదానికి డీన్ వద్ద సరైన జవాబు లేదు. కత్తిని వాడే అతని చేతులు కూడా నిర్మలం కావు.

ఆ శక్తిని పెంచుకోవడానికి సామ్ దుష్టాత్మ ఆవహించిన దేహం నుండి రక్తం త్రాగుతున్నాడన్న విషయం తరువాత వెల్లడవుతుంది. చివరి భాగంలో లిలిత్‌ను ఎదుర్కోవడానికి అధిక రక్తం అవసరమని రూబీ చెబుతుంది. అందుకు దొరికినది ఒక నర్సును ఆవహించిన దుష్టాత్మ. అది తెలివిగా వెనక్కు తగ్గి, ఆ నర్సునే మాట్లాడనిస్తుంది. ఆమె ఏడుస్తూ ప్రాణభిక్ష వేడుకుంటుంది. సామ్ తడబడతాడు. అదే సమయంలో అన్న పంపిన ఫోన్ సందేశం వింటాడు. క్షమాపణగా పంపిన ఆ సందేశాన్ని ఇతరులు ద్వేషవాక్యాలుగా మార్చివేశారని అతనికి తెలియదు. ఆ క్షణంలో అతని తడబాటు తొలగి, నర్సు ప్రాణం పోతుంది.

సామ్ పతనాన్ని కొలవడానికి లూసిఫర్ విడుదల దాకా ఆగనవసరం లేదు. ఆవహింపబడిన మనిషిని కాపాడడం కోసమే అతను ఆ శక్తిని సమర్థించుకున్నాడు. ఇప్పుడు ఆ శక్తి కోసం ఆవహింపబడిన మనిషినే బలి ఇచ్చాడు. ఏ కారణం వల్ల ఆ మార్గం మంచిదయిందో, ఆ కారణమే మార్గమధ్యంలో జారిపోయింది. ఉద్దేశం పేరు మాత్రం మారలేదు.

ఫలితమొక్కటే ప్రమాణమా?

లిలిత్ మరణమే చివరి ముద్ర అని ఆమెను చంపిన తరువాతనే సామ్‌కు తెలుస్తుంది. లోకరక్షణకై చేసిన పని లోకనాశనానికి దారితీసింది. ఇక్కడ ప్రయోజనవాది ఒక ఆక్షేపణ చేయవచ్చు. సామ్‌ది తప్పుడు అంచనా మాత్రమే. లిలిత్ మరణంతో నిజంగానే లోకం నిలిచి ఉంటే, కోట్లాది ప్రాణాల ముందు ఒక నర్సు ప్రాణం లెక్కకు రాదు కదా?

ఈ ఆక్షేపణ ముందు కథాసంవిధానం కొంత బలహీనంగా నిలుస్తుంది. చెడు మార్గానికి చెడు ఫలితాన్నే జోడించడం వల్ల, అసలు కఠినమైన ప్రశ్న పక్కకు జరుగుతుంది. ద్రోణపర్వంలోని ధర్మరాజు ఉదంతం ఈ విషయంలో మరింత నిశితమైనది. అశ్వత్థామ మరణించాడన్న మాటతో ఆశించిన ఫలితం చేకూరింది. ద్రోణుడు అస్త్రసన్యాసం చేశాడు. అయినా అంతవరకు నేలకు నాలుగంగుళాలు పైన నిలిచిన ధర్మరాజు రథం భూమిని తాకింది. గెలుపు దోషాన్ని కడగలేదని ఆ రథం సాక్ష్యమిస్తుంది.

ధారావాహికలో అటువంటి సాక్ష్యం నర్సు ఏడుపులో ఉంది. ఆ సన్నివేశం నాటికి ఫలితమేమిటో ప్రేక్షకునికీ తెలియదు, సామ్‌కూ తెలియదు. అయినా జరుగుతున్నది అకృత్యమని ఇద్దరికీ తెలుసు. సామ్ తడబాటే అందుకు నిదర్శనం. అతనికి భవిష్యత్ జ్ఞానం లేకపోవడం అసలు లోపం కాదు. తనలో కలిగిన సంకోచాన్ని కూడా ఒక జ్ఞానంగా గుర్తించకపోవడమే లోపం.

విధేయత, సందేహం

దేవదూతల చిత్రణ ఈ ప్రతిపాదనను బలపరుస్తుంది. ఏడవ భాగంలో ఒక ముద్రను కాపాడడానికి ఊరినంతటినీ నాశనం చేయడానికి దేవదూతలు సిద్ధపడగా డీన్ అడ్డుకుంటాడు. ఊరు బ్రతుకుతుంది, ముద్ర తెగుతుంది. తనకు కూడా సందేహాలున్నాయని కాస్టియెల్ అతని ముందు ఒప్పుకుంటాడు. లోకాంతాన్ని కోరుకుంటున్నది స్వర్గాధికారులే అని చివరికి తేలుతుంది. పైవారి ఆజ్ఞను నమ్మిన దేవదూతకూ, తన లక్ష్యాన్ని నమ్మిన సామ్‌కూ పోలిక ఉంది. ఇద్దరూ ఎదుట నిలిచిన మనిషిని దాటి దూరంలోని మేలును చూశారు. కాస్టియెల్‌ను మార్చినది సందేహం; సామ్‌ను ముంచినది సందేహం తొలగిపోవడం.

ముగింపు

ఒకే లోకాంతానికి అన్న తొలి ముద్రను, తమ్ముడు తుది ముద్రను తెంచారు. దోషపరిమాణాన్ని బట్టి వారిని వేరుచేయడం కష్టం. విరిగిన సంకల్పం గల డీన్ తన దోషాన్ని గుర్తెరిగి మిగిలాడు. దృఢసంకల్పం గల సామ్ ఆ గుర్తింపును పోగొట్టుకుని, పని ముగిశాక గాని తిరిగి పొందలేకపోయాడు. ఉద్దేశశుద్ధి ఒక్కటే నైతికతకు పూచీ కాదనీ, ఫలితాన్ని ముందుగా తెలుసుకోవడం మానవులకు సాధ్యం కాదనీ అంగీకరిస్తే, మిగిలే ప్రమాణం ఒకటి ఉంది. ఏ మేలు కోసం బయలుదేరామో, ఆ మేలు దక్కవలసిన మనిషి ఆర్తనాదం ఇంకా మన చెవికి సోకుతున్నదా లేదా అన్నదే ఆ ప్రమాణం. అది ఫలితానికి హామీ ఇవ్వదు. ఏడవ భాగంలో డీన్ ఊరిని కాపాడి ముద్రను పోగొట్టుకున్నాడు. అయినా ఆ ఊరివారి ముఖం చూడగలిగే స్థితిలో ఉన్నాడు. నర్సు విషయంలో సామ్ కోల్పోయినది ఆ స్థితినే.