తెలియక పట్టుకున్న నిప్పు



పంచశీలలో మొదటిది ప్రాణులకు హాని చేయకుండా ఉంటాననేది. రోజూ మనం చెప్పుకునేదే. చేతిలో కత్తి ఉన్నవాడికి ఈ శీలం తేలిగ్గానే అర్థమవుతుంది. మరి కారు నడిపేవాడి సంగతేమిటి? అతనికి ఎవరి మీదా పగ లేదు. బండి తీసి ఆఫీసుకు పోయాడు, అంతే. ఆ బండి వల్ల దారిలో ఎవరికైనా హాని జరిగితే బాధ్యత ఎవరిది?

ప్లాటినం సంగతి చూద్దాం. ఆ పేరు వింటే మనకు నగల షాపు గుర్తొస్తుంది. కానీ ఈనాటి పెట్రోలు కార్లకు పొగ గొట్టం దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. దాని లోపల తేనెపట్టు లాంటి గదుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువులు ఆ గదుల గుండా పోతూ తక్కువ హాని చేసేవిగా మారతాయి. అమెరికాలో 1975 మోడల్ కార్లతో ఇది వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే ఈ డబ్బా పాడైపోతుంది. అందుకని సీసం లేని పెట్రోలు కూడా తేవాల్సి వచ్చింది. 2000లో దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీసే విషం. కాబట్టి జరిగింది మంచి పనే, ఆ మాట ముందు ఒప్పుకోవాలి.

అయితే వేడికీ కుదుపులకూ ఆ పూత కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగిన పొడి పొగతో బయటికొస్తుంది. కిలోమీటరుకు నానోగ్రాముల్లో. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కార్లు కోట్లలో ఉన్నాయి. ఎక్కడో గ్రీన్‌లాండ్ మంచులో కూడా ఈ లోహాలు పెరిగాయని 2001లో పరిశోధకులు చెప్పారు. మన హైదరాబాద్ రోడ్ల దుమ్ములో ఇవి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించారు.

రోడ్డు మీది ప్లాటినం మనల్ని చంపేస్తోందని భయపెట్టడం సమ్యక్ వాక్కు కాదు. దుమ్ములో ఉన్నది ఎక్కువగా లోహం రూపంలోనే ఉంటుంది, అంత తేలిగ్గా కరగదు. కానీ కొంత భాగం కరిగే రూపంలోకి మారుతుంది. కరిగే ప్లాటినం లవణాలు ఏం చేస్తాయో శుద్ధి కర్మాగారాల కార్మికుల్లో చూశారు. వాళ్లకు ఉబ్బసం, చర్మం మీద దద్దుర్లు వచ్చాయి.

ప్రతీత్యసముత్పాదం అంటే ఏదీ ఒంటరిగా పుట్టదని. ప్లాటినం ఎక్కువగా దక్షిణాఫ్రికా గనుల నుంచి వస్తుంది. అక్కడి మారికానాలో 2012 ఆగస్టు 16న కూలి పెంచమని సమ్మె చేసిన గని కార్మికులను 34 మందిని పోలీసులు కాల్చి చంపారు. గొలుసుకు ఆ కొసన వాళ్లున్నారు. ఈ కొసన ఎవరున్నారు? తెల్లవారకముందే మన నగరాల్లో రోడ్లు ఊడ్చేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మన దళిత ఆడవాళ్లే. కారులో ఉన్నాయన అద్దాలు ఎత్తుకుని పోతాడు. ఆ దుమ్ము, అందులో ప్లాటినం ఒక్కటే కాదు, ఉన్నదంతా ఊడ్చే అమ్మ గుండెల్లోకి పోతుంది. కులం పనినే కాదు, పనిలోని దుమ్మునూ పంచిపెట్టింది.

చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. ఉద్దేశం లేనివాడిని హంతకుడు అనలేం. కానీ మిళిందపఞ్హలో రాజు ఒక ప్రశ్న వేస్తాడు. తెలిసి చెడు చేసినవాడికి ఎక్కువ పాపమా, తెలియక చేసినవాడికా? తెలియక చేసినవాడికే అంటాడు నాగసేనుడు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుంది కదా అని ఉపమానం చెబుతాడు. నిప్పని తెలిసినవాడు జాగ్రత్త పడతాడు, తెలియనివాడు గట్టిగా పట్టుకుంటాడు. నాకు అర్థమైనంతవరకు ఇది అమాయకుడిని తిట్టడం కాదు. తెలుసుకోవడం కూడా శీలంలో భాగమేనని చెప్పడం. ఒకసారి తెలిశాక చూడనట్టు తల తిప్పుకుంటే, అందులో ఉద్దేశం ఉంది. అప్పుడది కర్మే.

భిక్షువులు నీటిలో, పచ్చని మొక్కల మీద మలమూత్రాలు విసర్జించకూడదని, ఉమ్మకూడదని వినయ నియమం ఉంది. వానాకాలంలో పచ్చగడ్డి, చిన్న ప్రాణులు కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం అంటేనే వర్షావాసం వచ్చింది. ఆ భిక్షువులకు చంపాలనే ఉద్దేశం లేదు. అయినా బుద్ధుడు ‘ఉద్దేశం లేదుగా’ అని ఊరుకోలేదు. నడిచే పద్ధతినే మార్చాడు.

మనమూ అదే చేయాలి. పొగ తగ్గించే డబ్బాను పీకేయడం పరిష్కారం కాదు, పాత విషమే తిరిగొస్తుంది. బస్సులో పోగలిగిన చోటికి బస్సులో పోదాం, ఊరికి సరిపడా బస్సులు అడుగుదాం. పాత కన్వర్టర్లను షెడ్లలో సుత్తితో పగలగొట్టకుండా పద్ధతిగా సేకరించి లోహం తీస్తే కొత్తగా తవ్వేది తగ్గుతుంది. అన్నిటికంటే ముందు, పొడి దుమ్మును చీపురుతో లేపే పని ఆపించాలి. నీళ్లు చల్లి గానీ యంత్రాలతో గానీ ఊడవాలి. ఆ యంత్రాల పేరు చెప్పి ఎవరి కూలీ పోగొట్టకూడదు. మంచి మాస్కులు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష పారిశుధ్య కార్మికుల హక్కు. మీ వార్డు ఆఫీసుకు పోయి అడగండి. ఒక్కరే పోవద్దు, ఊడ్చే అమ్మలతో కలిసి పోండి.

మైత్రి అంటే కళ్లు మూసుకుని అందరూ సుఖంగా ఉండాలనుకోవడంతో అయిపోదు. కళ్లు తెరిచాక మన చక్రాల వెనక లేచిన దుమ్ము ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.